ఎనిమిది ఎం.ఎం. చాలదు

చి. పాపకు,

వేయించొద్దు. నెల్లూరు అంగట్లో ఆ అబ్బాయి "ఎనిమిది ఎం.ఎం. టఫెన్డ్ వేస్తే ఏనుగెక్కినా పగలదక్కా" అన్నాడని రాశావు. ఏనుగు సంగతి నాకు తెలియదు గానీ, పగలదన్నంత వరకూ అతను చెప్పింది అబద్ధమేమీ కాదు. అతని దగ్గరికొచ్చే టీపాయ్‌లన్నిటికీ నాలుగు కాళ్లు, చుట్టూ చట్రం, ఆ చట్రంలో గాజు కూర్చుంటుంది. దానికి ఎనిమిదెందుకు, ఆరు వేసినా నడుస్తుంది. నువ్వు కొన్నది ఆ జాతి కాదు. ఫోన్‌లో చెబుదామంటే ప్రతి ముక్కకీ "సరే పెదనాన్నా, సరే పెదనాన్నా" అంటావు, పెట్టేశాక నీకు తోచిందే చేస్తావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. నిదానంగా చదువుకో.

చెన్నై నుంచి పార్సిల్ లారీలో వచ్చిన నీ రెండు కట్టె కాళ్లూ మీ ఇంటి పంచలోనే ఉన్నాయి. నేను వెళ్లేసరికి మీ అమ్మ వాటి మీద చేట పెట్టి వడియాలు ఆరబోసింది. కోప్పడకు. పైన ఏమీ లేని టేబుల్‌ని చూసి ఎవరైనా ఇంకేమనుకుంటారు? చేట తీయించి, కాళ్లను తిరగేసి, మీ నాయన చేత టార్చి పట్టించి చూశాను. అడుగున బిళ్ల లేదు. బిళ్ల ఊడితే మిగిలే గుంట గానీ, మేకు బెజ్జం గానీ లేవు. పాలిష్ పోయిన చోట గోటితో గీరి చూస్తే కట్టె టేకు. రెండు కాళ్లనూ కలిపే ఇనుప కడ్డీకి సముద్రపు గాలి తగిలి తుప్పు పట్టింది.

అంటే నకలే, పాపా. ఇప్పుడు హెర్మన్ మిల్లర్ కంపెనీ అమ్మే అసలు నోగుచి టేబుల్‌కి కాళ్ల అడుగున బిళ్ల మీదా, గాజు అంచు మీదా దాన్ని రూపొందించిన నోగుచి సంతకం ఉంటుంది. కట్టె వాల్‌నట్టో, ఇంకో అమెరికా కట్టెనో అయి ఉంటుంది. పాతకాలపు వాటికి సంతకం లేకపోవచ్చు. టేకుతో చేసింది మాత్రం మన దేశపు వడ్రంగి పనే అయి ఉంటుంది. "అయితే డబ్బు దండగేనా?" అని రాత్రి పదకొండింటికి మెసేజీ పెట్టావు. దండగ కాలేదు. ఆ వంపు మీద కళ్లు మూసుకుని వేలు పోనిచ్చాను. అతుకు ఎక్కడుందో నా వేలికి తెలియలేదు. ఈ పని చేసినవాడు పనివాడు. అమ్మినవాడు నీకు ఒరిజినల్ అని చెప్పి ఉంటే అది అమ్మినవాడి తప్పు, కట్టె తప్పు కాదు. కొనేముందు తిరగేసి చూడకపోవడం నీ తప్పు. ఫర్నిచర్ కొనేటప్పుడు ముందు అడుగు భాగం చూడాలని నీ కాలేజీలో ఎవరూ చెప్పలేదా?

నకలు అన్న మాటకు నువ్వంత కుంగిపోనక్కరలేదు. ఈ టేబుల్ పుట్టిందే నకలు గొడవలో. ఇసాము నోగుచి శిల్పి. తండ్రి జపాన్ కవి, తల్లి అమెరికన్. 1939లో న్యూయార్క్ ఆధునిక కళల మ్యూజియం అధ్యక్షుడు గుడ్‌ఇయర్ ఇంటికి కట్టె మీద గాజు పెట్టి ఒక టేబుల్ చేసిచ్చాడు. ఆ తర్వాత రాబ్స్‌జాన్ గిబ్బింగ్స్ అనే డిజైనర్ ఒక టీపాయ్ నమూనా అడిగితే చిన్న ప్లాస్టిక్ బొమ్మ చేసిచ్చి హవాయి వెళ్లిపోయాడు. ఇంతలో యుద్ధం వచ్చింది. అమెరికా పడమటి తీరంలోని జపాన్ వాళ్లను ప్రభుత్వ ఉత్తర్వుతో శిబిరాల్లో పెట్టారు. నోగుచి న్యూయార్క్ వాడు కాబట్టి ఆ ఉత్తర్వు ఆయనకు తగలదు. అయినా తన వాళ్ల కోసమని 1942లో తనంతట తానే ఆరిజోనాలోని పోస్టన్ శిబిరానికి వెళ్లాడు. తను ఇచ్చిన నమూనాను కాస్త అటూ ఇటూ మార్చి గిబ్బింగ్స్ ప్రకటన వేయించుకోవడం ఆ శిబిరంలో ఉండగానే ఆయన కంటబడింది. ఇదేమిటయ్యా అని నిలదీస్తే, మూడు కాళ్ల టేబుల్ ఎవరైనా చేయొచ్చు కదా అన్నాట్ట గిబ్బింగ్స్. ఆ ఉక్రోషంలో నోగుచి తన టేబుల్‌ని తనే మళ్లీ చేసుకున్నాడు. 1944 నాటి రూపం అది. దాన్ని హెర్మన్ మిల్లర్ 1947లో తయారీకి తీసుకుంది. లోకమంతా నకలు కొడుతున్నది దాన్నే.

ఇంత చెప్పడానికి కారణముంది. నీ మెసేజీ చివర "గాజు అంచు మీద సంతకం కూడా చెక్కిద్దామా?" అని రాసి నవ్వు బొమ్మ పెట్టావు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. టేకు నకలు ఇంట్లో పెట్టుకుని కాఫీ తాగడంలో సిగ్గుపడాల్సింది లేదు. దాని మీద ఆయన పేరు చెక్కితే మాత్రం నువ్వూ గిబ్బింగ్స్ పక్కన నిలబడతావు. రేపు నువ్వు అమ్ముకుంటే కొనేవాడు ఆ సంతకం చూసి కొంటాడు. నా అంగట్లో సంతకాలు చెక్కరు, చెక్కేవాళ్ల అడ్రసూ నేనివ్వను. ఇక ఆ సంగతి వదిలెయ్.

మందం దగ్గరికి వద్దాం. కాళ్లను ఒకసారి గుర్తు చేసుకో. రెండూ ఒకే ఆకారం. ఒకటి నిలబడి ఉంటుంది, రెండోది తలకిందులుగా దానికి ఆనుకుని ఉంటుంది. మధ్యలో ఒక్క కడ్డీ. స్క్రూ లేదు, జిగురు లేదు, చట్రం లేదు. గాజును పైన పెట్టేదాకా అవి తలుపు రెక్కల్లాగా అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాయి. వాటిని కదలకుండా నిలిపేది గాజు బరువే. ఆకు ఎగరకుండా దాని మీద నీళ్ల చెంబు పెట్టినట్టు. చెంబు ఖాళీ అయితే ఆకు లేస్తుంది. ఆ టేబుల్‌కి గాజు మూత అనుకున్నావు నువ్వు. అది మూడో కాలు.

లెక్క చూడు. గాజు ఒక చదరపు మీటరుకు, ప్రతి ఎం.ఎం. మందానికి, రెండున్నర కిలోలు తూగుతుంది. అసలు టేబుల్ పైభాగం పొడవు 50 అంగుళాలు, వెడల్పు 36. మూలలు గుండ్రంగా తిరిగిన ముక్కోణం కాబట్టి అందులో మూడింట రెండొంతుల పైచిలుకు, సుమారు 0.8 చదరపు మీటరు అనుకో. ఎనిమిది ఎం.ఎం. వేస్తే 16 కిలోలు. పన్నెండు వేస్తే 24. పందొమ్మిది వేస్తే 38. ఇప్పుడు మీ చిన్నత్త కొడుకు, ఆ రెండో క్లాసు రాక్షసుడు, గాజు బయటికి పొడుచుకొచ్చిన మూల మీద రెండు మోచేతులూ ఆనించి బరువంతా వేశాడనుకో. ఆ రెండు కాళ్లూ గాజుకు తగిలేది మూడు చోట్లే, అవే ఆధారాలు. ఏ రెండు ఆధారాల మధ్య గీతకు బయట వాలినా గాజు అటు ఒరగాలని చూస్తుంది. అటు ఒరగకుండా ఇటు లాగిపట్టేది గాజు సొంత బరువు. పదహారు కిలోల గాజు లేస్తుంది. ముప్పై ఎనిమిది కిలోలది అంత తేలిగ్గా లేవదు. అది పగలకపోయినా జారి వాడి కాలి మీద పడితే, టఫెన్డ్ అని కాలికి చెప్పలేం.

నోగుచికి ఇది తెలుసు. మొదట్లో ఆ టేబుల్‌కి వేసిన గాజు ఏడు నూళ్ల మందం, అంటే అంగుళానికి ఒక్క నూలు తక్కువ. 1965 తర్వాత ఆరు నూళ్లకు, అంటే ముప్పాతిక అంగుళానికి తగ్గించారు. మన అంగళ్ల లెక్కలో అదే 19 ఎం.ఎం. నీకు చెప్పిన ఎనిమిది ఎం.ఎం. అంటే రెండున్నర నూళ్లే. కంటికీ బాగుండదు. అంత లావు కట్టె వంపుల మీద పల్చటి గాజు పెడితే పటం అద్దం తెచ్చి పెట్టారనుకుంటారు.

ఇప్పుడు అచ్చు, అంటే గాజు కోతకు కొలతగా చేసుకునే నమూనా. మీ అన్నదమ్ములంతా నన్ను వెనకాల అచ్చు పెదనాన్న అంటారని తెలుసు. అనుకోండి. నేను అంగడి పెట్టింది పటాలు కట్టడంతో. పెళ్లి ఫోటోలు, స్వామి పటాలు, తర్వాత కిటికీ అద్దాలు, ఆ తర్వాత షోకేసులు. పటం అద్దం ఒక నూలు ఎక్కువైతే కట్టర్ పెట్టి తీసేస్తాం. కిరసనాయిల్లో ముంచిన చక్రం అద్దం మీద కిర్రుమని ఒక్కసారే పోవాలి, అదే గీత మీద రెండోసారి పోతే అంచు పళ్లు పళ్లుగా లేస్తుంది. గీత కింద అగ్గిపుల్ల పెట్టి రెండు వైపులా నొక్కితే టక్కున విడిపోతుంది. ఆ చదువంతా మామూలు గాజుకు. టఫెన్డ్ దగ్గర అది చెల్లదు. కోత, అంచు పాలిష్, బెజ్జాలు, అన్నీ ముందే అయిపోవాలి. అప్పుడు దాన్ని కొలిమిలో 600 డిగ్రీలు దాటించి, ఒక్కసారిగా గాలి కొట్టి చల్లారుస్తారు. పైపొర ముందు బిగుసుకుంటుంది, లోపలిది తర్వాత చల్లారుతూ దాన్ని లోనికి లాగుతుంది. ఆ లాగుడే దాని బలం, మామూలు గాజుకు నాలుగైదింతలు. ఆ తర్వాత దాని మీద కట్టర్ పెట్టావా, మొత్తం పలక కలకండ పలుకుల్లా రాలుతుంది. ఒక నూలు తేడా వచ్చినా సర్దుబాటు లేదు. పలక మొత్తం పోయినట్టే, డబ్బు మొత్తం మళ్లీ కట్టాల్సిందే.

అందుకని 50, 36 అని ఫోన్‌లో కొలతలు చెప్పి ఆర్డరు పెట్టకు. అవి అసలు టేబుల్ కొలతలు. నీ టేకు కాళ్లు చేసినవాడు ఏ ఫోటో చూసి చేశాడో, తన దగ్గరున్న కట్టెకు తగ్గట్టు ఎంత కుదించాడో ఎవరికి తెలుసు? నేను టేపు పెట్టి చూస్తే ఎత్తే అర అంగుళం తేడా ఉంది.

ముందు ఆ కడ్డీని తీసి, గరుకు కాగితంతో తుప్పు పోయేదాకా రుద్ది, నూనె రాసి మళ్లీ దించాలి. ఆ పని మీ నాయనకు అప్పజెప్పాను. కడ్డీ కదిలితే గానీ కాళ్ల కోణం తేలదు. ఎంత విప్పితే మూడు ఆధారాలు ఎక్కడికొస్తాయో, గాజు ఆకారం అక్కడినుంచే పుట్టాలి. మరీ మూసేస్తే సన్నగా నిలబడి ఒరుగుతుంది. మరీ విప్పితే కాళ్ల వంపు అంతా గాజు కింద చదునుగా పరుచుకుని, దాని అందం పోతుంది. నువ్వొచ్చాక పంచలో నేల మీద పెట్టి, కాస్త విప్పి, దూరం జరిగి చూడు. మళ్లీ విప్పు. కూర్చుని చూడు, గడపలో నిలబడి చూడు. నచ్చిన చోట కాళ్ల చుట్టూ సుద్దముక్కతో గీసెయ్. ఆ గీత ఆర్డరు ఇచ్చేదాకా చెరగకూడదు. మీ అమ్మకి నేను చెప్తాను, అక్కడ నీళ్లు పెట్టి కడగొద్దని.

తర్వాత 3 ఎం.ఎం. హార్డ్‌బోర్డు షీటు. అట్ట వద్దు. కనిగిరి చెరువు మీంచి వచ్చే తేమకి అట్ట ఒక్క రాత్రిలో అంచులు లేచి కూర్చుంటుంది. షీటును కాళ్ల మీద పరిచి, మూడు ఆధారాలు ఎక్కడ తగులుతున్నాయో కిందినుంచి పెన్సిల్‌తో గుర్తు పెట్టు. ఒక్కో ఆధారానికి బయట ఎంత గాజు పోవాలో తేల్చుకుని మేకులు కొట్టు. ఇక వంపు. నువ్వు కంప్యూటర్లో గీసి ప్రింటు తీసుకొస్తానన్నావు. తీసుకురా, పక్కన పెట్టుకుందాం. సన్నగా చీల్చిన పచ్చి వెదురు దబ్బ తెచ్చి ఆ మేకుల మీదుగా వంచి చూడు. మేకుకీ మేకుకీ మధ్య దబ్బ తనంతట తాను ఎలా వంగుతుందో అదే నీకు కావాల్సిన గీత. ఎక్కడైనా గూని వస్తే మేకు తప్పు చోట ఉందన్నమాట. పడవలు కట్టేవాళ్లు పక్క చెక్కల వంపు చూసుకునేది కూడా ఇలాంటి బద్దతోనే. కంప్యూటర్‌కీ ఈ పద్ధతిని ఓడ డ్రాయింగులు గీసేవాళ్ల దగ్గర్నుంచే నేర్పారు, మీ మాస్టార్లని అడుగు.

కోసిన హార్డ్‌బోర్డును కాళ్ల మీద పెట్టి కొన్నాళ్లు అలాగే ఉంచు. ఇది నువ్వు ఎగ్గొట్టాలని చూస్తావు, నాకు తెలుసు. ఎగ్గొట్టకు. దాని మీద పేపరు పెట్టు, కాఫీ పెట్టు, దాని పక్కనుంచి మీ నాయన్ని చీకట్లో నడవమను. మోకాలికి తగిలిన మూలను అరగదీయి. చేయి చాలని వైపు, ఇంకో హార్డ్‌బోర్డు కోయి. అది చవక. గాజుకు ఈ బేరం లేదు. అచ్చు తిరగబడి అటుదిటు అయిందని కంగారు పడకు, సాదా గాజుకు రెండు ముఖాలూ ఒకటే, తిప్పి పెట్టుకోవచ్చు. అంచుకు ఏటవాలు పాలిష్, అదే బెవలింగ్, పెట్టిస్తే మాత్రం ఆ వెసులుబాటు ఉండదు. పెట్టించకు. ఈ టేబుల్‌కి చదును పాలిష్ అంచే అందం, చేతికి కోసుకోకుండా మొన మాత్రం తీయించాలి.

రంగు సంగతి అడగలేదు నువ్వు, అడగాల్సింది. ఆ మందంలో మామూలు గాజు అంచు పచ్చగా కనబడుతుంది. ఇసుకలో ఉన్న కొద్దిపాటి ఇనుము వల్ల ఆ పచ్చదనం. ఇనుము దాదాపు లేకుండా చేసిన ఎక్స్‌ట్రా క్లియర్ అని ఒకటి ఉంది, అంచు నీళ్లలాగా తెల్లగా ఉంటుంది, డబ్బు బాగా ఎక్కువ. మన గూడూరు పక్క చిల్లకూరు, కోట మండలాల్లో పంచదారలాంటి ఇసుక చూశావు కదా, చిన్నప్పుడు దోసిట్లో పట్టుకుని ఇంటికి తెస్తానని ఏడ్చావు కూడా. అది సిలికా ఇసుక. అంత తెల్లగా ఉండటం ఇనుము తక్కువుండటం వల్లే, గాజు ఫ్యాక్టరీలు దానికోసం లారీలు పంపేదీ అందుకే. ఆ ఇసుకను కరిగించి, కరిగిన తగరం మీద తేలుస్తూ పలకగా లాగే పద్ధతిని ఇంగ్లండ్‌లో పిల్కింగ్‌టన్ వాళ్లు 1959లో లోకానికి ప్రకటించారు. అంతకుముందు ఇంత మందపు గాజు నునుపు తేలాలంటే రెండు వైపులా అరగదీయాల్సిందే. నోగుచి టేబుల్ తొలి గాజులు అలా అరగదీసిన కాలం నాటివి. టేకు రంగుకు నాకు పచ్చ అంచే బాగుంటుంది. తెల్లది నీ ఇష్టం, డబ్బు నీది.

బిల్లు చూసి గుండె పట్టుకోకు. గాజు బేరం చదరపు అడుగుల్లో, పైగా దీర్ఘచతురస్రం లెక్కన. నువ్వు ముక్కోణం తీసుకున్నా, కోసి పారేసిన మూలలకు కూడా కట్టాలి. 50కి 36 అంటే పన్నెండున్నర అడుగులు. వంపు కోతకూ, పాలిష్‌కూ, టఫెనింగ్‌కూ వేరే. నెల్లూరులో అంత మందం దొరక్కపోతే చెన్నై నుంచి తెప్పించాలి. గాజు మూలలో ఐ.ఎస్. 2553 ముద్ర ఉందో లేదో చూసి తీసుకోవాలి. బండిలో దాన్ని నిలబెట్టే తేవాలి, పడుకోబెట్టి తెస్తానన్నవాడి బండి ఎక్కించకు. మోయడానికి నలుగురు. గాజుకీ కట్టెకీ మధ్య మూడు చోట్ల పారదర్శకంగా ఉండే సిలికాన్ బొట్లు. అంతే, జిగురు పూయకు. నేలకు తగిలేదీ మూడు చోట్లే కాబట్టి మీ పంచ గచ్చు ఎంత వంకరగా ఉన్నా ఊగదు, నాలుగు కాళ్ల టీపాయ్‌కి లేని సుఖం అది.

మీ నాయన బేరమాడుతున్నాడు, పన్నెండు వేయించి సరిపెట్టమని. నీకు జీతం వచ్చే ఉద్యోగం ఇంకా లేదన్న మాట నిజమే. 19 అందకపోతే 15 దాకా దిగుతాను, ముప్పై కిలోలొస్తుంది, కాళ్లను పట్టి ఉంచుతుంది. పన్నెండుకి దిగను. కావాలంటే మీ నాయన చేత వేయించుకో, ఆ గాజు మోయడానికి మాత్రం నన్ను పిలవొద్దు. సెలవులకు వచ్చేటప్పుడు ప్రింటు తెచ్చుకో. హార్డ్‌బోర్డు నేను తెప్పించి ఉంచుతాను, వెదురు దబ్బ కోసేది నువ్వే.

ఆశీస్సులతో,
పెదనాన్న
బుచ్చిరెడ్డిపాలెం